ఇరవై నిమిషాల వంటపై ఒక ఇంటాయన అర్జీ

హైదరాబాద్ నాచారంలో కాపురం ఉంటూ, ఉప్పల్‌లో కూరగాయలు కొంటూ, హబ్సిగూడలో బీపీ చూపించుకుంటూ కాలం గడుపుతున్న ఒక రిటైర్డ్ గృహస్థు సవినయంగా చేసుకునే మనవి. డిసెంబరు వచ్చింది మొదలు మా ఇంట్లో రాత్రి భోజనమనే వ్యవస్థ కుప్పకూలింది. ముద్దాయి ఎక్కడో లేడు. మా కోడలి ఫోన్లోనే ఉన్నాడు. చలికాలం రాత్రులకు హాయిగొలిపే ఇరవై నిమిషాల వంటలని ఒక వీడియో, పార్టీకి పది రకాల స్నాక్స్ పది నిమిషాల్లో అని ఇంకొకటి. వేలు పైకి జరిపినకొద్దీ వస్తూనే ఉంటాయి. నేను తిండికి వ్యతిరేకిని కాను, నా నడుము చుట్టుకొలతే అందుకు సాక్ష్యం. చలికాలం మీదా నాకు కోపం లేదు. ఈ రెండింటి పేరు చెప్పి ఎనిమిదింటి అన్నాన్ని పదింటికి జరపడం మీదే నా ఫిర్యాదు.

ముందు ఆ చలి సంగతి తేల్చాలి. వీడియోలో కిటికీ అవతల మంచు రాలుతుంటుంది. ఇవతల ఉన్ని స్వెటరు వేసుకున్న ఒకావిడ రెండు చేతులతో సూపు గిన్నె పట్టుకొని కళ్లు మూసుకుంటుంది. ఆవిడ కష్టం నిజమే కావచ్చు, పాపం. మాకు అంత చలి ఎక్కడిది? హైదరాబాద్‌లో పాదరసం బాగా దిగజారిందని పెద్దలు చెప్పుకునేది 1946 జనవరిలో. అప్పుడు 6.1 డిగ్రీలు. మామూలు జనవరి రాత్రి పద్నాలుగో, పదిహేనో ఉంటుంది. మా ఇంట్లో చలికాలమంటే ఫ్యాను ఒకటో నంబరు మీద తిరుగుతుండగా మెడదాకా దుప్పటి కప్పుకొని పడుకోవడం. దోమలకు ఫ్యాను, చలికి దుప్పటి. ఏ దేశపు వంట పుస్తకమూ ఈ వాతావరణాన్ని గుర్తించలేదు. తెల్లవారుజామున పాలకు వెళ్లేటప్పుడు మంకీ క్యాపు పెడతాను, ఒప్పుకుంటాను. ఎండ రాగానే తీసేస్తాను. అంతమాత్రానికి మీగడ, వెన్న, చీజు, మళ్లీ పైన వెన్న కావాలా?

చలీ తిండీ రెండూ ఎరిగిన సంస్థ ఒకటి మాకు కూతవేటు దూరంలోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో పుట్టింది, 1958లో హైదరాబాద్ చేరింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. వణికించే ఊళ్లో నలభై ఏళ్లు గడిపి మన దగ్గరికి వచ్చిందంటే, ఆ శాస్త్రవేత్తలు తిండి గురించి చెప్పే మాటకు విలువ ఉండాలా వద్దా? 2024లో వాళ్లు భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలు విడుదల చేశారు. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దన్నారు, నూనె, కొవ్వు మితంగా వాడమన్నారు. చలి పుట్టినప్పుడు క్రీము పోసుకోండని ఎక్కడా అనలేదు. ఈ మాట కోడలితో చెప్పాను. "మామయ్యా, ఆ పదిహేడింటిలో పచ్చళ్ల గురించి ఏమన్నారో కూడా చదివారా?" అని అడిగింది. ఈ కాలం పిల్లలకు చదువు ఎక్కువ.

ఇక అసలు నేరానికి వస్తాను. మా కోడలు పనిచేసేది రాయదుర్గం వైపు. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో మొదలైంది, 2019 నవంబరులో అది రాయదుర్గం దాకా చేరింది. ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు ఉద్యోగాలకు పోవడం అప్పటి నుంచి మామూలైంది. సాయంత్రం అక్కడ మెట్రో ఎక్కి, నిలబడి నిలబడి హబ్సిగూడలో దిగి, షేర్ ఆటోలో ఇరుక్కొని ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. ఆ గంటకు పైగా ప్రయాణంలో ఆమె చూసేవే ఈ వీడియోలు. మనిషి అలసిపోయి ఉంటుంది, కడుపులో ఆకలి, చెవిలో ఇయర్‌ఫోను, చేతిలో ఇరవై నిమిషాల సూపు. ఎవరికైనా మనసు కరుగుతుంది. నేను ఆమెను తప్పుపట్టడం లేదని కోర్టువారు గమనించాలి.

ఒక బుధవారం గుమ్మడికాయ సూపు. కావలసినవి చదివి వినిపించింది: ఓవెన్‌లో కాల్చిపెట్టుకున్న గుమ్మడికాయ ముక్కలు, కాచి వడకట్టిన కూరగాయల నీళ్లు, దోరగా వేయించిన వెల్లుల్లి, క్రీము, థైమ్. ఈ కాల్చడం ఎవరు కాల్చారు? ఆ కాచడం, ఆ వడకట్టడం ఎప్పుడు జరిగాయి? ఓవెన్‌లో గుమ్మడికాయ మెత్తబడేసరికే ముప్పావుగంట. ఇరవై నిమిషాల గడియారం ఆ తర్వాత మొదలవుతుందట! ఈ లెక్కన ఉప్పల్ నుంచి నారపల్లి వరకు 2018లో శంకుస్థాపన చేసిన ఫ్లైఓవర్ కూడా, పిల్లర్లు, దిమ్మెలు, రోడ్డు ముందే పోసిపెట్టుకుంటే, ఇరవై నిమిషాల్లో పూర్తవుతుంది.

థైమ్ దగ్గర ఇంకో అన్యాయం జరిగింది. గోరంత ఎండుటాకు పొడికి ఒక గాజు డబ్బా, డబ్బాకు ఒక ధర, ఆ ధరకు ఉప్పల్‌లో వారానికి సరిపడా ఆకుకూరలు వస్తాయి. మూత తీసి వాసన చూస్తే అచ్చంగా మా వాము డబ్బా. ఇది నా ముసలి ముక్కు చెప్పిన మాట కాదు. థైమ్‌లోనూ వాములోనూ ఆ ఘాటైన వాసన ఇచ్చేది థైమోల్ అనే ఒకే పదార్థం. మా వంటింటి అరలో పావుకిలో వాము పెట్టుకొని, దాని దూరపు చుట్టాన్ని విమానంలో పిలిపించుకున్నామన్నమాట. చిటికెడు వాము నలిపి వేయమన్నాను. వేస్తే రుచి మారుతుందన్నారు. మారుతుంది కూడా, నిజం చెప్పాలి. మారితే మారనీ, సూపు అయినా కాస్త మన మాట వినేది.

ఆ రాత్రి పది గంటలకు సూపు వచ్చింది. బాగుంది. తియ్యగా, చిక్కగా, గొంతులో వెచ్చగా దిగింది. తాగాక మా మనవరాలు "తాతా, ఇప్పుడు అన్నం ఎప్పుడు?" అంది. ఆ ప్రశ్నకు ఏ వీడియోలోనూ జవాబు లేదు.

నా హయాంలో ఇలా ఉండేది కాదు. నాచారం పారిశ్రామికవాడలో సెకండ్ షిఫ్ట్ చేసిన రోజులవి. రాత్రి పదింటికి సైకిలు తొక్కుకుంటూ వస్తే చెవులు గడ్డకట్టేవి. అప్పట్లో చలి కూడా నిజాయితీగా ఉండేది. ఇంటికి రాగానే కంచంలో వేడి అన్నం, మీద పప్పుచారు, పక్కన టమాట తొక్కు. ఉల్లిగడ్డ, మునక్కాడ ముక్కలు వేసి, చింతపండు పులుసు పోసి, ఇంగువ, ఎండుమిర్చి తాలింపు పెట్టిన పప్పుచారు గిన్నె మూత తీస్తే ఆవిరికే సగం చలి వదిలేది. కందిపప్పు కూడా అలాంటిలాంటిది కాదు, మా ఇంటికి వికారాబాద్ వైపు చుట్టాలు పంపే తాండూరు కందిపప్పు. ఆ పప్పు గొప్పతనం ఇప్పుడు సర్కారు కాగితం మీదా ఎక్కింది, 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. పప్పుచారు లేని రోజు ఉప్పుడు పిండి: బియ్యపు రవ్వ, గుప్పెడు పెసరపప్పు, కరివేపాకు తాలింపు, రవ్వకు రెండింతలకు కాస్త ఎక్కువగా మరిగే నీళ్లు, సన్న సెగ, మూత. గిన్నె అడుగున పట్టిన ఎర్రటి మాడు కోసం ఇంట్లో గొడవలయ్యేవి. ఇక ఆదివారం సాయంత్రం చలి గాలి లేచిందంటే సర్వపిండి. క్రీము లేదు, ఓవెన్ లేదు. కూర్చుంటే కంచంలోకి వచ్చేది. దాన్ని కదా సులువైన వంట అంటారు?

ఈ వాదనను మా ఇంటావిడ ముందు గంభీరంగా వినిపించాను. ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ విన్నది. తలెత్తకుండానే క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టింది.

"సర్వపిండిల శెనిగపప్పు ఎవరు నానవెట్టిన్రు?"

నానింది కాబట్టి ఎవరో నానబెట్టే ఉంటారన్నాను.

"పల్లీలు ఏంచి, పొట్టు చెరిగి, కచ్చాపచ్చా దంచింది ఎవరు? ఉల్లాకు, కొత్తిమీర కోసింది ఎవరు? బియ్యం గిర్నికి మోసుకపోయింది ఎవరు?"

ఇవన్నీ చిల్లర విషయాలన్నాను.

"ఒక గిన్నెల ఒక్క సర్వపిండే అయితది. గిన్నె అడుగుకు పలుచగ ఒత్తి, వేలితోని బొక్కలు పెట్టి, బొక్కబొక్కకు నూనె పోసి, మూతపెట్టి, కమ్మగ ఎర్రగ కాలనీకి పది, పన్నెండు నిమిషాలు. మల్ల ఆ కాలిన గిన్నెల ఇంకోటి ఒత్తాలంటే చేతులు కాలవా? గిన్నె బోర్లిచ్చి నీళ్లు పోసి సల్లార్చాలె. గందుకే నేను రెండు గిన్నెలు పెట్టుకునేది. ఇంట్ల ఆరుగురముంటిమి. మీరు తిని లేశినంక నేను తిన్నది ఎన్నడన్న చూసిన్రా?"

ఈ సాక్ష్యాన్ని రికార్డులోకి తీసుకోవడానికి నాకు తీవ్ర అభ్యంతరం ఉంది. సాక్షి ముందు కత్తిపీట ఉన్నందున అభ్యంతరం వ్యక్తం చేయలేదు. అయితే వాస్తవాల దృష్ట్యా అర్జీలో ఒక చిన్న సవరణ చేయదలిచాను. ముద్దాయిగా గుమ్మడికాయ సూపును చేర్చినట్టే, సర్వపిండిని కూడా చేర్చవచ్చు. కంచం ముందు కూర్చున్నవాడికి రెండూ సులువే. పొయ్యి ముందు నిలబడ్డవాళ్ల గంటలు వీడియోలూ లెక్కలో వేయలేదు, నేనూ వేయలేదు. తేడా ఏమిటంటే వీడియోకు లైకులొచ్చాయి.

ఈ సవరణ ఫలితంగా నాకు శిక్షలాంటి ఒక పదవి దక్కింది. చలికాలంలో పచ్చి బఠాణీ చౌక. అంగడిలో గోనెల మీద కుప్పలు పోసి అమ్ముతారు. సంచి నిండా తెచ్చి టీవీ ముందు నా ఎదుట కుమ్మరించారు. బఠాణీ ఒలిచే శాఖ నాదే. కిలో ఒలిస్తే గింజలు సగం కూడా రావు. కుప్ప మాత్రం ఒలిచినకొద్దీ పెరుగుతుంది. గింజలు ఫ్రీజర్‌లోకి, తొక్కలు చెత్తలోకి, నా నడుము ఎక్కడికి పోవాలో తెలియదు. వారం తర్వాత వీడియోలో ఒకాయన నవ్వుతూ, "ఒక కప్పు బఠాణీ తీసుకోండి" అంటాడు. తీసుకోండట! చెట్టుకు కప్పుల్లోనే కాస్తాయన్నట్టు.

పార్టీ సంగతి చెప్పకపోతే అర్జీ అసంపూర్ణం. డిసెంబరు 31 రాత్రి మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద వేడుక. తలా ఒక స్నాక్ తేవాలని అసోసియేషన్ తీర్మానం. మా ఇంటి తరఫున కోడలు చీజ్ బాల్స్ చేసింది. దాంతోపాటు ఒక చెక్క పలక మీద చీజు ముక్కలు, ద్రాక్షపళ్లు, బాదం, బిస్కెట్లు ముగ్గు వేసినట్టు పేర్చింది. పేర్చడానికి పట్టిన సమయంలో మా ఇంటావిడ గిన్నెడు అటుకుల చుడువ చేసి డబ్బాకెత్తింది. పలకకు ఫొటోలు తీశారు, చుడువను తిన్నారు. ఇక్కడ చుడువ గెలిచిందని రాస్తే నాకు సంతోషమే గాని అబద్ధమవుతుంది. పిల్లలందరూ చీజ్ బాల్స్ మీదే పడ్డారు, వేడివేడిగా ఉన్నాయి మరి. చల్లటి చుడువ కొంత మిగిలింది. సకినాల పళ్లెం కూడా మిగిలింది. మా వయసువాళ్ల పళ్లకు అది పరీక్ష.

సకినం పేరెత్తాను కాబట్టి ఒక్క మాట. చూడ్డానికి చిన్న చుట్ట. బియ్యం రాత్రంతా నానాలి, నీడలో ఆరాలి, పిండి పట్టాలి, జల్లించాలి. నువ్వులు, వాము, ఉప్పు కలిపి తడిపి, గుడ్డ పరిచి, వేళ్ల మధ్య నుంచి సన్నటి తాడులా తిప్పుతూ చుట్టు మీద చుట్టు వేయాలి. కాస్త ఆరాక విరగకుండా తీసి నూనెలో వేయాలి. సంక్రాంతి ముందు మా బస్తీల్లో పిండి గిర్ని దగ్గర నిలబడే వరస చూస్తే ఇది సులువైన స్నాక్ అనే ధైర్యం ఎవరికీ రాదు. అందుకే ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా ఒక ఇంట్లో కూడి చుట్టేవాళ్లు. ఇవాళ మా ఇంట్లోనూ కిలోల లెక్కన దుకాణం నుంచే వస్తాయి. ఆ దుకాణం వెనక గదిలో ఎవరి వేళ్లు తిరుగుతున్నాయో మేం అడగం.

ఇక మా పై అంతస్తు ఆయన మిర్చీ బజ్జీల బాధ్యత తీసుకున్నాడు. టెర్రస్ మీదే పొయ్యి, మూకుడు, చుట్టూ జనం. వాసనకు నాలుగు వీధులు కదిలాయి. మూకుట్లో నూనె మాత్రం నల్లగా, పోయిన పండగ నాటి ముచ్చట్లు చెప్పేలా ఉంది. కాచిన నూనెను మళ్లీ మళ్లీ కాచొద్దని తార్నాకవాళ్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు, ఆ మాట గుర్తుచేశాను. "పెద్దాయనా, ఏడాదికోసారి" అని నా చేతిలో రెండు బజ్జీలు పెట్టాడు. న్యాయం కోసం పోరాడేవాడి నోరు మూయించడానికి ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. నిమ్మరసం పిండిన ఉల్లిగడ్డ కూడా ఇచ్చాడు. ఇంతా అయ్యాక పదకొండున్నరకు సెక్రటరీగారు ఆర్డరిచ్చిన బిర్యానీ వచ్చింది, జనం అటు కదిలారు. మా వైపు పార్టీల్లో స్నాక్స్ అంటే బిర్యానీ వచ్చేదాకా కాలక్షేపం. అందుకోసం పలక మీద ద్రాక్షపళ్లను ఒక్కొక్కటిగా పేర్చడం అనవసరమని నా అభిప్రాయం.

ఆ రాత్రి అందరికంటే తెలివైన పని చేసింది రెండో అంతస్తులో ఉండే మహబూబ్‌నగర్ ఆవిడ. పెద్ద గిన్నెడు పచ్చి కందికాయలు తొడిమెలు కూడా తీయకుండా కడిగి, ఉప్పు నీళ్లలో పదిహేను, ఇరవై నిమిషాలు ఉడకబెట్టి, వంచి, పొగలు కక్కుతుండగా తెచ్చి మధ్యలో పెట్టింది. అంతే. తాలింపు లేదు, తరగడం లేదు. జనం చుట్టూ కూర్చున్నారు. కాయ కొసను నోట్లో పెట్టి పళ్లతో లాగితే గింజలు నాలుక మీద, తొక్క చేతిలో. తియ్యగా, ఉప్పగా, కాస్త పసరుగా. మాట్లాడుతూ తింటూ ఉంటే గంట గడిచింది. ఎవరిది వారే ఒలుచుకున్నారు. బఠాణీ శాఖ మంత్రిగా నాకు అప్పుడు తట్టిన సంగతి ఏమిటంటే, ఒలిచే పని మాయం కాలేదు, వండిన మనిషి మీద నుంచి తినే వందమంది వేళ్ల మీదకు మారింది. ఇరవై నిమిషాల వంట నా కళ్లతో చూసింది ఆ ఒక్కసారే, దానికి వీడియో లేదు. పల్లికాయా, అనపకాయా ఇదే పద్ధతి. చలికాలంలోనే పచ్చిగా దొరుకుతాయి, తినేవాడి చేత పని చేయిస్తాయి.

కాబట్టి నా ప్రార్థన ఇది. వంట వీడియోలు తీసేవారు నానబెట్టే రాత్రినీ, ఒలిచే సాయంత్రాన్నీ, గిన్నె చల్లారే నిమిషాలనూ మొత్తం లెక్కలో కలిపి మొదటే చెప్పాలి. నావంటి పెద్దమనుషులు వెనకటి వంటలను పొగిడేటప్పుడు కూడా ఇదే నియమం వర్తించాలని మా ఇంటావిడ పట్టుబట్టి చేర్చమంది, చేర్చాను. పనిరోజుల్లో రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరే మనిషి కోసం ఇంట్లో ముందే ఉన్నవాళ్లు పప్పు కుక్కర్లో పెట్టాలని కోడలు ఒక వాక్యం రాసింది. అది కొట్టేద్దామనుకున్నాను గాని, కుక్కరు విజిల్స్ లెక్కపెట్టే పని ఇప్పటికే నాకు అప్పగించారు.

పాఠకులకు ఒక మాట. ఈ ఆదివారం మీ ఇంటికి చుట్టాలొస్తున్నారంటే రెండు కిలోల కందికాయలు, గుప్పెడు ఉప్పు, తొక్కలు వేయడానికి ఒక పాత పేపరు చాలు. లేదు, బొబ్బర్ల గుడాలే చేస్తామంటారా, కుక్కర్లో ఉడికించి ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు తాలింపు పెట్టి నిమ్మకాయ పిండితే అవీ బాగుంటాయి. కాకపోతే బొబ్బర్లు శనివారం రాత్రే నానాలి. ఎవరు నానబెడతారన్నది మాత్రం శుక్రవారమే మాట్లాడుకోండి.